రెండుసార్లు లాగాడని చెప్పాను

మా నాయన వాగు కట్టకి కాపలాదారుగా పనిచేశాడు. ఊరికి పడమటగా మైలు దూరంలో, వాగుకి అడ్డంగా వేసిన మట్టికట్ట అది. చిలకలూరిపేట నుంచి ఒంగోలు వైపు వెళ్ళే పెద్దరోడ్డు దిగి, మిరపతోటల మధ్య బండ్లబాటన చాలాసేపు నడిస్తేగాని కనపడదు. పెద్దదేమీ కాదు. ఈ కొస నుంచి ఆ కొసకి పది నిమిషాల నడక. ఎత్తు ముగ్గురు మనుషులంత. లోపలివైపు మట్టి జారకుండా మార్టూరు నుంచి తెచ్చిన పనికిరాని గ్రానైటు ముక్కలు పరిచారు. మధ్యలో ఒక తూము, దానికి ఇనప తలుపు, ఆ తలుపుని పైకెత్తడానికి తూము అరుగు మీద ఒక చక్రం. దక్షిణపు కొసన, ఎక్కువైన నీళ్ళు పొర్లిపోవడానికి రాతి అలుగు. అంతే.

ఆ కట్ట వెయ్యక ముందు మా ఊళ్ళో వాగంటే భయం. ఏడాది పొడుగునా అందులో ఇసకే. తుఫాను పట్టిందంటే మాత్రం ఒక్క పూటలో ఎర్రనీళ్ళు వచ్చి పల్లపు వీధిలో నడుము లోతున నిలిచేవి. మా ఇల్లు ఆ వీధిలోనే. నేను నాలుగో తరగతిలో ఉండగా వచ్చిన వరదకి మా ఎదురింటి గోడ కూలి ఒక ముసలమ్మ, ఆమె మనవరాలు పోయారు. ఆ పిల్ల నా తరగతే. ఆ తర్వాత రెండేళ్ళకి, తొంభైల చివర్లో, కట్ట వేశారు. మట్టిపనికి వెళ్ళిన వాళ్ళలో మా నాయన ఒకడు. పని శ్రద్ధగా చేశాడని చూసి, ఇంజనీరు ఆయన్నే కాపలా పెట్టాడు.

వెళ్ళిపోయే రోజున ఇంజనీరు తూము దగ్గర నిలబడి చెప్పిన మాటలు మా నాయన నోట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

"ఇది చెరువు కాదు. ఇందులో నీళ్ళు నిలవకూడదు. వరద వచ్చినప్పుడు పట్టుకుని, తూములోంచి మెల్లగా వదిలిపెట్టాలి. దీని కడుపు ఖాళీగా ఉంటేనే మీ ఊరు బతుకుతుంది. తలుపు ఎప్పుడూ ఎత్తే ఉంచు."

మా నాయన ఎత్తే ఉంచాడు. రోజూ పొద్దున నమాజు చదువుకుని, చద్దన్నం తిని, పార భుజాన వేసుకుని కట్ట మీదికి పోయేవాడు. మాది నల్లరేగడి. ఎండాకాలం వచ్చేసరికి చెయ్యి పట్టేంత పగుళ్ళు తీస్తుంది. ఆ పగుళ్ళలోకి తొలకరి నీళ్ళు దిగితే కట్ట లోపలినుంచి మెత్తబడిపోతుంది. అందుకని ఆయన వేసవంతా మట్టి తడిపి, ముద్దలు చేసి, ఆ పగుళ్ళలో కూరేవాడు. పందికొక్కుల బొరియలు వెతికి పూడ్చేవాడు. సర్కారుతుమ్మ మొలిస్తే వేళ్ళతో సహా పెరికేవాడు. సెలవుల్లో నేనూ వెళ్ళి మట్టిముద్దలు అందించేదాన్ని. ఊళ్ళో వాళ్ళు ఆయన్ని కట్ట సాయిబు అనేవాళ్ళు. అందులో కొంత ఎగతాళి ఉండేది. నీళ్ళు లేని కట్టకి కాపలా ఏందయ్యా అని టీకొట్టు దగ్గర నవ్వేవాళ్ళు.

మా ఇంట్లో నలుగురం. అమ్మ, నాయన, నేను, మా మామ. మామ అమ్మకి తమ్ముడు. వాళ్ళ తల్లి పురిట్లోనే పోతే, ఎనిమిదేళ్ళ అమ్మ ఆ పసివాణ్ణి సంకనేసుకుని పెంచింది. పెళ్ళయి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకుంది కూడా. పెద్దయ్యాక మామ మార్టూరులో రాళ్ళు పాలిష్ పట్టే చోట ఏడెనిమిదేళ్ళు పనిచేశాడు. దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయింది. గుంటూరులో డాక్టరు ఇంక ఆ పని మానెయ్యమన్నాడు. మానేసి మా ఇంటికే తిరిగొచ్చాడు. దగ్గేవాడికి పిల్లనెవరిస్తారని సంబంధాలు రాలేదు. దానికి ఆయన బాధపడినట్టు నేను చూడలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి పాడుకుంటూ, నన్ను ఏడిపిస్తూ ఉండేవాడు.

"ఏమే కోడలా, నువ్వు చదివి ఉద్యోగం చేస్తే నాకు రోజుకొక గుడ్డు పెట్టాలే," అనేవాడు.

"రెండు పెడతా మామా."

"రెండొద్దులే, అరగదు."

మామ కట్టకి దిగువన మూడెకరాలు కౌలుకి తీసుకున్నాడు. మొదటి ఏడు పత్తి వేస్తే పురుగు తినేసింది. రెండో ఏడు మిరప వేశాడు. నేను అప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. ఆ ఏడు వానలు ముందే వెనక్కి పోయాయి. దీపావళి వెళ్ళాక వాగులో చిన్న పాయ మిగిలింది, అదీ తెరిచిన తూములోంచి దిగువకి పోయి ఎక్కడో ఇసకలో ఇంకిపోతోంది. మామ తోట పూత మీద ఉంది. మొక్కలు మధ్యాహ్నానికి తలలు వాల్చేస్తున్నాయి.

"కళ్ళ ముందే పోతన్నాయి బావా నీళ్ళు," అన్నాడు మామ ఒకరోజు అన్నం తింటూ. "తలుపు దించితే రెండు నెలలు నిలుచుద్ది. ఇంజను పెట్టుకుని నాలుగు తడులు ఇచ్చుకుంటాం. నా ఒక్కడి కోసం కాదు, దిగువనున్న తోటలన్నిటికీ."

"అది చెరువు కాదురా," అన్నాడు నాయన.

"తెలుసు బావా. వానాకాలం అయిపోయింది గదా. ఇప్పుడు వరదెక్కడ నుంచి వచ్చుద్ది?"

నాయన చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

తర్వాత వారం రోజులు మా ఇంట్లో అదే గొడవ. అమ్మ మొదట బతిమాలింది. తర్వాత అరిచింది. ఆ తర్వాత అన్నం మానేసింది. "నా తమ్ముడు రాళ్ళ దుమ్ము మింగి వచ్చాడు. వాడికి ఇంకో బతుకుతెరువు లేదు. ఈ తోట కూడా పోతే వాడు ఏ మందు డబ్బా తాగుతాడోనని నాకు కంటి మీద కునుకు లేదు. నీకు మాత్రం చీమ కుట్టినట్టు లేదు," అంది. అది ఉత్తినే అన్న మాట కాదు. ఆ రోజుల్లో మా చుట్టుపక్కల ఊళ్ళలో పత్తి రైతులు పురుగుమందు తాగి పోతూనే ఉన్నారు.

నాయన కదల్లేదు. ఆయన కదిలింది నా మాటకి.

నేను మామ పక్షం. ఆ రోజు కాలేజీ నుంచి వస్తూ తోటలోకి వెళ్ళాను. మామ గట్టు మీద కూర్చుని, వాడిపోయిన మిరపమొక్క ఒకటి అరచేతిలో పెట్టుకుని చూస్తున్నాడు. నన్ను చూసి నవ్వబోయాడు, దగ్గొచ్చింది. నేను తిన్నగా ఇంటికొచ్చి వసారాలో పార నూరుకుంటున్న నాయన ముందు నిలబడ్డాను.

"నీకు మామ ఎక్కువా, ఆ మట్టికట్ట ఎక్కువా?" అని అడిగాను.

ఆయన నా వంక చూశాడు. కోపం రాలేదు. అంతకుముందెప్పుడూ నేను ఆయనతో అలా మాట్లాడలేదు. పార గోడకి ఆనించి, టోపీ పెట్టుకుని, కట్ట వైపు వెళ్ళిపోయాడు. సాయంత్రానికి దిగువ వాగులో పాయ ఆగిపోయింది.

ఆ ఏడు మిరప బాగా పండింది. కల్లంలో ఎర్రగా పరిచిన కాయల మధ్య మామ నడుస్తుంటే అమ్మ దిష్టి తీసింది. పంట అమ్మి మామ నాకు సైకిలు కొన్నాడు, పెద్దరోడ్డు దాకా నడిచే బాధ తప్పుతుందని. నాయనకి చేతిగడియారం తెచ్చాడు. టీకొట్టు దగ్గర నవ్విన వాళ్ళే లేచి నాయనకి బల్ల మీద చోటిచ్చారు. "కట్ట సాయిబు గారూ, వచ్చే ఏడు కూడా మర్చిపోబాకండి," అన్నారు. నాయన తల ఊపేవాడు. నాకు ఆయన్ని చూస్తే గర్వంగా ఉండేది.

రెండో ఏడూ అలాగే జరిగింది. ఇనప తలుపు కొంచెం వంగి అడుగున నీళ్ళు కారుతుంటే, మామ గోతాల్లో ఇసక నింపి, తూము నోటికి అడ్డంగా ఒకదాని మీద ఒకటి పేర్చాడు. నాయన వద్దన్నాడు. "ఎండాకాలంలో నేనే తీసేస్తాలే బావా," అన్నాడు మామ. ఎండలొచ్చాక మాత్రం గొడ్లకి నీళ్ళుండాలని ఊరంతా అడిగింది. తలుపు ఎత్తలేదు. గోతాలు తియ్యలేదు. వాటి మీద ఒండ్రు పేరుకుపోయింది. మూడో ఏడు తొలకరికే కట్ట లోపల సగం దాకా నీళ్ళున్నాయి. ఎంత బాగుందో చూడటానికి. కొంగలు వచ్చేవి.

నాయన మాత్రం చూడలేకపోయేవాడు. తుఫాన్లు పట్టే ఆశ్వయుజం రాకముందే నీళ్ళు వదిలేద్దామని అందరి ఇళ్ళకీ తిరిగి చెప్పాడు. మళ్ళీ వానలు పడకపోతే మా తోటలేం కావాలన్నారు వాళ్ళు. మామ కూడా అదే అన్నాడు, కాకపోతే నవ్వుతూ.

ఆ అక్టోబరులో తుఫాను పట్టింది. అప్పటికి నేను డిగ్రీ చదువుతున్నాను. మొదటిరోజు వానకే కట్ట నిండి అలుగు పారింది. నాయన చక్రం తిప్పబోతే పావు వంతు తిరిగి బిగుసుకుపోయింది. గోతాలూ ఒండ్రూ కలిసి తలుపుని కరిచిపట్టుకున్నాయి. రెండోరోజు నలుగురైదుగురు మగవాళ్ళు కలిసి గడ్డపార దూర్చి తిప్పారు. చక్రం చువ్వ ఒకటి విరిగింది. తలుపు మాత్రం కదల్లేదు.

మూడోరోజు తెల్లవారేసరికి అలుగు మీద మనిషెత్తున నీళ్ళు పోతున్నా సరిపోవడంలేదు. కట్ట అంచుకి మూరెడే మిగిలింది. ఉత్తరపు కొసన కట్ట కొంచెం కుంగి ఉంటే, ఊరి మగవాళ్ళంతా అక్కడ ఇసక గోతాలు వేస్తున్నారు. ఆడవాళ్ళు పల్లపు వీధిలోని ముసలివాళ్ళనీ పిల్లల్నీ మెరక మీదున్న బడికి చేరుస్తున్నారు. అమ్మ అక్కడుంది. నేను క్యారేజీలో అన్నం పెట్టుకుని తూము దగ్గరికి వెళ్ళాను. అక్కడ నాయన, మామ ఇద్దరే ఉన్నారు. వానలో ఎవరి మాట వాళ్ళకే వినపడటం లేదు.

"గోతాలు పేర్చింది నేను. ఏది ఎక్కడుందో నాకే తెలుసు," అంటున్నాడు మామ. "నేను దిగుతా."

"నీ ఊపిరి సంగతి నాకు తెలవదంట్రా? వద్దు."

"నేను దిగకపోతే కట్ట తెగుద్ది బావా. తెగితే బడి కూడా మిగలదు."

మామ చొక్కా విప్పి నా చేతికిచ్చాడు. నడుముకి మోకు కట్టుకున్నాడు. రెండో కొస అరుగు మీది రాతిస్తంభానికి రెండు చుట్లు తిప్పి నాకిచ్చారు. నాయన చక్రం దగ్గర ఉండాలి. మోకు పట్టుకోవడానికి ఇంకెవరూ లేరు. నన్ను ఇంటికి పొమ్మని నాయన ఒకసారి అన్నాడుగాని, ఇద్దరికీ తెలుసు, ఎవరో ఒకరు పట్టుకోవాలని.

"కోడలా, జాగ్రత్తగా విను," అన్నాడు మామ. "ఒకసారి లాగితే నాకు ఊపిరి అందట్లేదని. పైకి గుంజెయ్. రెండుసార్లు లాగితే గోతాలు తీసేసి పక్కకి వచ్చేశానని. మీ నాయనకి చెప్పు, చక్రం తిప్పుతాడు. ఒకటి పైకి, రెండు తిప్పడానికి. ఏదీ, చెప్పు?"

"ఒకటి పైకి, రెండు తిప్పడానికి."

"చదువుకున్న పిల్లవి గదా మరి," అని దిగాడు.

మూడుసార్లు మునిగాడు. మూడుసార్లూ ఒక్కసారే లాగాడు, నేను గుంజాను, పైకొచ్చి అరుగు పట్టుకుని దగ్గాడు. మూడోసారి పెదాలు నల్లబడ్డాయి. నాయన చాలించమన్నాడు. మామ వేలెత్తి చూపించాడు, ఇంకా ఒక్క గోతం అని. అప్పుడే ఉత్తరపు కొస నుంచి పెద్దగా కేకలు వినపడ్డాయి. కట్ట మీంచి నీళ్ళు పొర్లడం మొదలైందని మాకు అర్థమైంది. మామ నా వంక చూసి తల ఊపి, నాలుగోసారి మునిగాడు.

మోకు నా చేతుల్లో ఉంది. ఈ మాటలు రాయడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. అందుకని జరిగింది జరిగినట్టే రాస్తాను. మోకు ఒకసారి గట్టిగా కదిలింది. ఇంకొక క్షణానికి మళ్ళీ కదిలింది. ఆ రెండోది మొదటిదంత గట్టిగా లేదు. అది మామ లాగడమా, నీళ్ళ ఊపుకి మోకు అదరడమా, నాకు తెలియలేదు. కేకలు పెరుగుతున్నాయి. బళ్ళో అమ్మ ఉంది. అది రెండు కావాలని నేను కోరుకున్నాను. అంతవరకు నాకు గట్టిగా తెలుసు.

"రెండు! రెండుసార్లు లాగాడు నాయనా!" అని అరిచాను.

నాయన చక్రం తిప్పాడు. తిరిగింది. మూడురోజులుగా కదలని తలుపు ఒక్కసారిగా పైకి లేచింది. అరుగు కింద రాయి పగిలినట్టు చప్పుడైంది, దిగువన తూము నోట్లోంచి నీళ్ళు ఎగజిమ్మాయి. అదే క్షణంలో మోకు నా అరచేతుల్ని కోసుకుంటూ పరిగెత్తింది. నేను కేకపెట్టాను. నాయన చక్రం వెనక్కి తిప్పబోయాడు, నీళ్ళ ఒత్తిడికి తలుపు దిగలేదు. వచ్చి నాతోపాటు మోకు పట్టుకున్నాడు. ఇద్దరం కాళ్ళు స్తంభానికి తన్నిపెట్టి గుంజాం. బిగుసుకుపోయి ఉంది. తర్వాత ఒక్కసారిగా తేలికైపోయి ఇద్దరం వెల్లకిలా పడ్డాం. కొసన మోకు పోగులు పోగులుగా తెగి ఉంది. గ్రానైటు రాయి అంచుకి కోసుకుపోయింది.

మధ్యాహ్నానికి వాన తగ్గింది. కట్టలో నీళ్ళు అంచు నుంచి కిందికి జారాయి. కట్ట నిలిచింది. పల్లపు వీధిలో ఒక్క గోడ కూడా పడలేదు. బళ్ళో జనం దణ్ణాలు పెట్టుకున్నారని తర్వాత విన్నాను. మామ సాయంత్రానికి దొరికాడు, దిగువన సర్కారుతుమ్మ పొదల్లో. ఆయన తోట నుంచి ఎంతో దూరం లేదు.

బడి వరండాలో పడుకోబెట్టారు. అమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. ఏడవలేదు. మామ ముఖం మీది మట్టి కొంగుతో తుడిచింది, చెవుల్లో మట్టి తుడిచింది. తర్వాత తలెత్తి నాయన్ని అడిగింది.

"తూము తిప్పింది ఎవరు?"

"నేనే."

"వాడు లోపలుండంగానే తిప్పావా?"

నేను నాయన పక్కనే ఉన్నాను. నా అరచేతులకి ఎవరో గుడ్డలు చుట్టారు. నోరు తెరవబోయాను. నాయన నా వైపు చూశాడు. మాట్లాడొద్దని ఆ చూపు. ఇరవయ్యేళ్ళు కూడా నిండని నేను ఆ చూపుని ఆసరా చేసుకున్నాను.

"తిప్పా," అన్నాడు నాయన. "తొందరపడ్డా."

మగవాళ్ళు మామని మట్టి చేసి వచ్చాక, ఇంటి వెనక చింతకట్టెల పక్కన నాయన్ని పట్టుకుని ఏడ్చాను. "ఒకసారేనేమో నాయనా. నాకు తెలియదు. నేను రెండని చెప్పాను."

"రెండే," అన్నాడు ఆయన. "నేనూ చూశానమ్మా. మోకు రెండుసార్లు కదిలింది. నువ్వు చెప్పింది సరిగ్గానే చెప్పావు."

చక్రం దగ్గర ఆయన వీపు నా వైపు ఉంది. ఆయన మోకు చూసే వీలే లేదు. అది నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకీ తెలుసు.

తర్వాత విచారణకి సర్కారు మనుషులొచ్చారు. వరద ఆపాల్సిన కట్టలో నీళ్ళెందుకు నిలిపారని అడిగారు. నాయన తనే తలుపు దించానని చెప్పాడు. దించమని మూడేళ్ళు బతిమాలిన వాళ్ళంతా చుట్టూ నిలబడే ఉన్నారు. ఒక్కరూ నోరు విప్పలేదు. ఆయన్ని పనిలోంచి తీసేశారు. టీకొట్టు బల్ల మీద చోటు మళ్ళీ లేకుండా పోయింది. అయినా ఆయన పొద్దున్నే పార తీసుకుని కట్ట మీదికి పోవడం మానలేదు. జీతం లేకుండానే పగుళ్ళు పూడ్చేవాడు. తలుపు ఎత్తి ఉందో లేదో చూసుకుని వచ్చేవాడు.

అమ్మ ఆయనతో మాట్లాడటం మానేసింది. ఇంటిపని అంతా చేసేది. అన్నం వండేది, ఆయన బట్టలు ఉతికేది, జ్వరమొస్తే కషాయం కాచేది. కానీ ఏదైనా చెప్పాలంటే నాతో చెప్పేది. "మీ నాయన్ని అన్నానికి రమ్మను." "మీ నాయన చొక్కా చిరిగింది, విప్పి ఇమ్మను." ఆయన పక్కనే కూర్చుని ఉండేవాడు. నేను ఆ మాటనే మళ్ళీ ఆయనకి చెప్పేదాన్ని, ఆయన నాకు జవాబిచ్చేవాడు. మొదట్లో ఇది కొన్నాళ్ళే అనుకున్నాను. నాలుగేళ్ళు సాగింది. నేను డిగ్రీ పూర్తిచేసి, చిలకలూరిపేటలో ఒక ప్రైవేటు బళ్ళో టీచరుగా చేరాను. ప్రతిరోజూ బస్సులో ఇంటికి వస్తూ, ఇవాళ చెప్పేస్తాను అనుకునేదాన్ని. గుమ్మం దాటగానే అమ్మ ముఖం చూసి ఊరుకునేదాన్ని. నన్ను కూడా అలా ఎవరి చేతో పిలిపిస్తుందేమోనని భయం. ఇంకో కారణం చెప్పుకోవచ్చుగాని అబద్ధమవుతుంది.

ఒక్కసారి మాత్రం నాయనతో అన్నాను, అమ్మకి చెప్పేస్తానని. కట్ట మీద పక్కపక్కన కూర్చుని ఉన్నాం.

"ఎందుకే?" అన్నాడు. "నా మీద కోపం పెట్టుకుని బతకగలదు ఆమె. బతుకుతా ఉంది గదా. నీ మీద కోపంతో బతకలేదు. తమ్ముడు పోయాడు, ఇంక నువ్వొక్కదానివే ఆమెకి."

"మరి నీకు?"

ఆయన మట్టిగడ్డ ఒకటి చేతిలో నలిపాడు. "ఆ గోతాలు నేను ఆ వేసవే తీసెయ్యాల్సింది," అన్నాడు. దాని గురించి ఆయన చెప్పుకున్న కష్టమంతా ఆ ఒక్క మాటే.

నాలుగో ఏడు వేసవిలో, కట్ట మీద మట్టి తడుపుతూ నాయన ఒరిగి అక్కడే ప్రాణం వదిలాడు. మేకలు తోలుకుపోయే మనిషి చూసి ఊళ్ళోకి కబురు తెచ్చాడు. నేను బడి నుంచి వచ్చేసరికి ఇంటి ముందు మంచం వేసి ఉంది. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ముందుకీ రాలేదు, లోపలికీ పోలేదు.

నలభయ్యో రోజున నాయన పేరున ఫాతిహా చదివించాలి. బంధువులు నలుగురు వచ్చారు. వంటయింది. దువాకి అందరూ చేతులెత్తే వేళకి అమ్మ లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. నేను వెనకే వెళ్ళాను.

"రావేంటమ్మా, అందరూ చూస్తన్నారు."

"చూడనీ. నా తమ్ముణ్ణి నీళ్ళలో పెట్టి తలుపెత్తిన మనిషి. ఆయన కోసం నేను చెయ్యెత్తలేను. అల్లా ఏమనుకున్నా సరే."

లోపల దువా అయిపోయేదాకా నేను ఆమె పక్కన నిలబడ్డాను. వచ్చినవాళ్ళు భోంచేసి వెళ్ళాక, వంటింట్లో ఆమె ముందు కూర్చుని చెప్పాను. మోకు ఎవరు పట్టుకున్నారో, ఎన్నిసార్లు లాగితే ఏమిటో, మోకు ఎలా కదిలిందో, నేనేమని అరిచానో. రెండో కుదుపు సంగతి కూడా దాచలేదు. బడి వరండాలో నాయన చూసిన చూపు చెప్పాను. కట్ట మీద అన్న మాట చెప్పాను.

అమ్మ అంతా విన్నాక అడిగింది.

"ఆయనకి తెలుసా, నువ్వు ఒకటిని రెండన్నావేమోనని?"

"తెలుసు."

"తెలిసే నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాడా? నాలుగేళ్ళు?"

నేను తల ఊపాను. నన్ను కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది. ఆమె ఎదురుగా ఉన్న గిన్నె మీద మూత సర్దింది. మళ్ళీ తీసింది. మళ్ళీ సర్దింది.

"ఆయన బతికుండంగా చెప్పకపోయావా," అంది. "ఒక్కరోజు ముందు చెప్పినా నేను పలకరించేదాన్ని గదే."

నాయన నన్ను కాపాడాననుకున్నాడు. నేను ఆయన మాట మన్నిస్తున్నాననుకున్నాను. ఇద్దరం కలిసి ఆమె చేత చేయించిన పని ఏమిటో ఆ రోజు వంటింట్లో తెలిసింది.

మర్నాడు పొద్దున అమ్మ ఉతికిన చీర కట్టుకుని, ఖబరస్తాన్ దాకా తోడు రమ్మంది. అది మార్టూరు వెళ్ళే రోడ్డు పక్కన, ఊరు దాటాక. మా వాళ్ళలో ఆడవాళ్ళు లోపలికి వెళ్ళరు. నడుమెత్తు ప్రహరీ గోడ ఉంది. నాయన సమాధి గోడకి నాలుగు వరసల అవతల. మట్టి ఇంకా పూర్తిగా కుంగలేదు. దానికి రెండు సమాధుల ఇవతల మామది.

అమ్మ గోడ మీద రెండు చేతులూ పెట్టి నిలబడింది. ఏదో మాట్లాడుతుందని నేను కొంచెం వెనక్కి జరిగాను. మాట్లాడలేదు. గ్రానైటు లారీలు దుమ్ము రేపుకుంటూ పోతున్నాయి. ఎండెక్కింది. గొడుగు పట్టబోతే వద్దని చెయ్యి ఊపింది. పేట వెళ్ళే బస్సొచ్చి ఆగింది, కండక్టరు మా వైపు చూసి కేకేశాడు, నేను వద్దన్నాను, వెళ్ళిపోయింది.

"నీకు బడి టైమైద్ది. నువ్వెళ్ళు," అంది వెనక్కి తిరక్కుండానే.

నేను వెళ్ళలేదు. కొంచెం దూరంలో, పిలిస్తే వినపడేంత దూరంలో, రోడ్డు పక్కన రాయి మీద కూర్చున్నాను. మధ్యాహ్నం దాకా ఆమె నన్ను పిలవలేదు. అక్కణ్ణించి కదల్లేదు కూడా.